ఆలేరు నుంచి ల్యాబ్ దాకా

ఆలేరులో రైలెక్కే బీఎస్సీ విద్యార్థికి సికింద్రాబాద్ ఎంతో దూరం కాదు. అక్కడినుంచి తార్నాక వైపు వెళ్తే ఉస్మానియా, 1977లో మొదలైన జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ. గచ్చిబౌలిలో 1974 నాటి హైదరాబాద్ విశ్వవిద్యాలయం.

దూరంతో చిక్కు లేదు. సమాచారంతోనే.

మామూలు ఎమ్మెస్సీకి సీపీగెట్ ప్రవేశపరీక్ష రాయాలని ఊళ్లో అందరికీ తెలుసు. బయోటెక్నాలజీకి గ్యాట్-బి అనే పరీక్ష ఉందని, బెంగళూరులోని పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌లో పరిశోధనే ప్రధానంగా ఎమ్మెస్సీ చేయవచ్చని చెప్పేవాళ్లు తక్కువ. ఇలాంటి పరిశోధన సీటుకు రాతపరీక్ష గట్టెక్కితే చాలదు, ఇంటర్వ్యూ ఉంటుంది. అందులో అడిగేవి ఇలా ఉంటాయి: ఈ ప్రయోగంలో కంట్రోల్ ఏది, ఫలితం తారుమారైతే ఏమనుకోవాలి? బట్టీ పట్టిన నిర్వచనాలు అక్కడ అక్కరకు రావు.

చేరాక అసలు పని. కణాలు పెరగవు, పీసీఆర్‌లో బ్యాండ్ రాదు, గైడ్ మళ్లీ చేయమంటారు. రాని ఫలితాన్నీ తేదీ వేసి నోట్‌బుక్‌లో రాయాల్సిందే. రేపు థీసిస్‌కు, వైవాకు ఆధారం అదే. ఈ ఓపికకు ఉదాహరణ మన దగ్గరే ఉంది: అమెరికా వెళ్లిన భీమవరం బిడ్డ, జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు, పొట్టకూటికి ఆసుపత్రిలో చిన్న పని చేస్తూనే హార్వర్డ్‌లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని తోటి శాస్త్రవేత్త ఫిస్క్‌తో కలిసి తీర్చిదిద్దారు. 1925లో అచ్చయిన ఆ పద్ధతి వారిద్దరి పేరుతోనే నిలిచింది.

డిగ్రీ లెక్చరర్లకు ఒక్క మనవి: ఈ పరీక్షల పేర్లు ఫైనలియర్ మొదట్లోనే నోటీసు బోర్డులో పెట్టండి.