కూజా, చెంబు

అల్ట్రా కెపాసిటరు అనే మాట మా ఇంట్లో నాలుగు నెలలుగా వినబడుతోంది. తెచ్చినవాడు మావాడే, ఇంజనీరింగు మూడో ఏడు చదువుతున్నాడు. "బాటరీల కాలం అయిపోయింది నాన్నా! ఇది నిమిషంలో నిండుతుంది, లక్షలసార్లు నింపినా చెడదు" అంటాడు. ఇన్వర్టరు బాటరీకి నీళ్ళు పోసి పోసి విసిగివున్న మా ఆవిడ వెంటనే వాడి పక్షం చేరిపోయింది.

వాడు చెప్పినదాంట్లో అబద్ధం లేదండీ. బాటరీలో కరెంటు దాచడమంటే రసాయన మార్పు. నింపినప్పుడల్లా, వాడినప్పుడల్లా లోపలి పలకలు కొంచెం కొంచెం దెబ్బతింటాయి. ఇందులో అటువంటి వంట ఏమీ లేదు. ద్రవంలోని అయాన్లు వచ్చి బొగ్గును అంటుకుని కూర్చుంటాయి, పొమ్మంటే లేచిపోతాయి. (చుట్టాలందరూ ఇలా వుంటే ఎంత బాగుండును!) ఆ బొగ్గు చాలావరకు కొబ్బరిచిప్పలు కాల్చి చేసేదే. దానిలో కంటికి కనబడని రంధ్రాలు ఎన్నంటే, ఒక్క గ్రాము పొడి లోపలి వైశాల్యం వెయ్యి చదరపు మీటర్లు దాటుతుంది. ఈ ఉపాయానికి అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీవారు 1957లోనే పేటెంటు పుచ్చుకున్నారు.

మరి ఇన్నేళ్ళూ బాటరీ ఎలా బతికివుంది? ఈ ప్రశ్న నాకు సరదాకి వచ్చింది కాదు. మా అమ్మకు ఊపిరితిత్తుల జబ్బు. రాత్రిళ్ళు ఆక్సిజన్ యంత్రం పెట్టాలి. అది 300 వాట్లు లాగుతుంది. కరెంటు పోతే నాలుగు గంటలైనా నడవాలి. మా పాత బాటరీ గంటకే చేతులెత్తేస్తోంది.

మావాణ్ణి కాగితం మీద లెక్క వేయమన్నాను. నాలుగు గంటలకు 1,200 వాట్ అవర్లు. అల్ట్రా కెపాసిటరు కిలో బరువుకు దాచగలిగేది సుమారు 5. అంటే 240 కిలోల సరుకు! సీసపు బాటరీ అయితే, అడుగంటా తోడకుండా చూసుకున్నా, అటూ ఇటుగా 60 కిలోలతో సరి. పైగా కరెంటు తీసేకొద్దీ కెపాసిటరు వోల్టేజి దిగిపోతూంటుంది. దాచినదాంట్లో ముప్పాతిక వంతు వాడేసరికి సగమైపోతుంది. ఊరికే వుంచినా బాటరీకన్న త్వరగా కారిపోతుంది. మావాడు పెన్సిలు కొరుకుతూ కూర్చున్నాడు.

"అయితే ఎందుకురా అది?" అంది అమ్మ.

వాడి జవాబు నాకు నచ్చింది. బాటరీ సన్నమూతి పెద్ద కూజాట. ఇది వెడల్పుమూతి చిన్న చెంబట. గబుక్కున నింపి గబుక్కున ఒంపాలంటే చెంబే కావాలి. షాంఘైలో 2006లో వీటితో బస్సులు నడిపారు. జనం ఎక్కి దిగేలోగా స్టాపులోనే కరెంటు నింపుకుని ముందుకు సాగేవి. పెద్ద గాలిమరల్లో కరెంటు తప్పిపోతే, రెక్కలను గాలివాటుకు మళ్ళించి మర ఆపే ఆ కొద్ది క్షణాల పనికీ వీటిని పెడతారు. అలాంటి చోట బాటరీ దీనిముందు నిలవదు. నాకు మటుకు ఈ రెండూ ఒక ఇంట్లో తోడికోడళ్ళలా సర్దుకుంటాయనే తోస్తోంది.

మొన్న ఆదివారం సీసపు బాటరీయే కొన్నాం. ఇద్దరు మనుషులు పట్టి మోశారు. "నీళ్ళు పోసే పని ఇకనుంచి నీదే" అన్నాను మావాడితో. ఆ రాత్రే రెండున్నర గంటలు కరెంటు పోయింది. అమ్మ నిద్ర లేవలేదు.