జపాన్ మేపుల్, ఆత్మకూరు ఎండ



ఎండలు ముదరక ముందే వడదెబ్బ గురించి నాలుగు మాటలు వ్రాయటం ప్రతి సంవత్సరమూ నాకు అలవాటు. ఈసారి ఆ విషయాన్ని ఒక మొక్క కథతో కలిపి చెప్పదలిచాను. సాధారణంగా రోగుల పేర్లు దాచి వ్రాస్తాను. ఇందులో రోగిని నేనే గనుక ఆ అవసరం లేదు.

2016లో మా దంపతులం అమెరికాలోని పోర్ట్‌లండ్ నగరంలో మా అబ్బాయి ఇంట కొన్ని నెలలు గడిపాము. 1967 నుండి ప్రజల సందర్శనకు తెరిచి ఉన్న జపాన్ ఉద్యానవనం ఒకటి ఆ ఊరిలో ఉన్నది. శరదృతువులో అక్కడి మేపుల్ చెట్లు నిప్పు రాజుకున్నట్లు ఎర్రబడతాయి. ఆకు చిన్నది, వేళ్ళు చాచిన పసిబిడ్డ అరచేయిలా ఉంటుంది. అందుకే శాస్త్రజ్ఞులు దానికి ఏసర్ పామేటం అని పేరు పెట్టారు. పామేటం అంటే అరచేతి ఆకారం గలది అని అర్థం. ఆ పేరు పెట్టిన స్వీడన్ దేశస్థుడు కార్ల్ పీటర్ థన్‌బర్గ్ వృత్తిరీత్యా వైద్యుడే. 1775లో డచ్చి వర్తక సంఘపు వైద్యునిగా జపాన్ చేరి, ఆ దేశపు వృక్షసంపదపై 1784లో గ్రంథం ప్రచురించాడు.

మా శ్రీమతికి ఆ చెట్టు ఎంతగానో నచ్చింది. అబ్బాయి పెరట్లోని చెట్టు కింద రాలిన గింజలు ఏరి రుమాలులో మూట కట్టుకున్నది. అనుమతి పత్రమూ, సస్య ఆరోగ్య ధ్రువపత్రమూ లేకుండా విదేశీ విత్తనాలను మన దేశంలోకి తేరాదని చెప్పి ఆ మూట నేనే విప్పించాను. ఆత్మకూరు చేరేదాకా ఆమె నాతో ముభావంగానే ఉన్నది. "ఏమండీ, మన పెరట్లో ఒక్క ఎర్ర చెట్టు ఉంటే ఎవరి సొమ్ము పోయేదండీ?" అని చాలా రోజులు అంటూ ఉండేది. 2018లో ఆమె నన్ను విడిచి వెళ్ళిపోయింది.

ఆ ఏడాది డిసెంబరులో నీలగిరులకు వెళ్ళి వచ్చిన మిత్రుడొకరు ఆ సంగతి గుర్తుంచుకొని ఒక మేపుల్ మొక్క తెచ్చి ఇచ్చారు. అడుగున్నర ఎత్తు, రెండు కొమ్మలు, ఒక్క ఆకు లేదు. పెద్ద కుండీలో నాటి ఇంటికి తూర్పున పెట్టాను. ఫిబ్రవరిలో ఒక కొమ్మ చిగిర్చింది. రెండవ కొమ్మపై మొగ్గలు విప్పుకోలేదు. ఏప్రిల్ వచ్చేసరికి చిగిర్చిన ఆకుల అంచులు కాల్చిన కాగితంలా ముడుచుకోసాగాయి.

కారణం తెలుసుకోవటానికి పెద్ద పరిశోధన అవసరం లేకపోయింది. మేపుల్ శీతాకాలంలో నిద్రించే చెట్టు. కొన్ని వారాలు గట్టి చలి సోకితేనే దాని మొగ్గలు సరిగా మేల్కొంటాయి. పెన్నా తీరాన ఉన్న మన ఆత్మకూరులో సంక్రాంతి చలికి ఒక దుప్పటి చాలు. ఆ చెట్టుకది చలే కాదు. ఇక వేసవిలో ఆకుల నుండి ఆవిరయ్యే నీటిని వేళ్ళు అంత వేగంగా అందించలేవు. అప్పుడు వేరుకు దూరాన ఉన్న ఆకు అంచు మొదట మాడుతుంది. దీనికి తోడు మన బోరు నీటిలోని లవణాలు. ఉదయగిరి ప్రాంతంలో పనిచేసిన రోజులలో ఫ్లోరైడు నీటి వల్ల నడుము వంగిన మనుషులను చూశాను. నీటి గుణం ఎముకకే తెలిసే చోట లేత ఆకుకు తెలియదా?

ఇవన్నీ తెలిసి కూడా నేను మొక్కను వదలలేదు. అది నా దృష్టిలో మొక్కగా లేదు. విప్పించిన రుమాలు మూటకు నేను చెల్లించుకుంటున్న బాకీగా ఉన్నది.

2019 మే నెలలో ఒకరోజు మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు, కుండీపై కప్పిన గోనెపట్టా గాలికి ఎగిరిపోయింది. ఎండ నలభై డిగ్రీలు దాటి ఉన్నది. తలకు గుడ్డ అయినా చుట్టుకోకుండా బయటికి వెళ్ళి, కర్రలు పాతి, పట్టా తడిపి కట్టటంలో ముప్పావు గంట గడిపాను. మొదట పిక్కలు పట్టేశాయి. తరువాత తలనొప్పి, వికారం. దాహం మాత్రం వేయలేదు. లేవబోతే కళ్ళు చీకట్లు కమ్మి కుండీ ప్రక్కనే కూలబడ్డాను. మా ఇంట పనిచేసే ఆమె ఆ సమయానికి అంట్లు తోమటానికి రాకుంటే ఈ వ్యాసం వ్రాసేవాడిని కాను. నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్ళంతా తుడిచి, విసురుతూ ఆమె అన్న మాట ఇది: "మొక్కకి పట్టా కప్పారు గానీ మీ తలకాయకి తుండుగుడ్డ కూడా లేదు గదయ్యా!"

ముప్పై ఏళ్ళకు పైగా ప్రభుత్వ ఆసుపత్రులలో ఆ మాటనే నేను ఇతరులకు చెప్పాను.

నా విషయంలో జరిగినది వడదెబ్బకు ముందు మెట్టు. ఇది వృద్ధులలో ఎందుకు త్వరగా వస్తుందో గమనించండి. వయసు పైబడిన కొద్దీ దాహం తెలియటం తగ్గుతుంది. చెమట పట్టే శక్తీ తగ్గుతుంది. రక్తపోటుకు వాడే కొన్ని మాత్రలు మూత్రం ఎక్కువగా పోయేలా చేసి ఒంట్లోని నీటిని, లవణాలను తగ్గిస్తాయి. నేను వాడే మాత్ర అటువంటిదే. అయితే వేసవి వచ్చిందని మాత్రలు మీకు మీరే మానకండి. మోతాదు గురించి మీ వైద్యుణ్ణి అడగండి.

పిక్కల నొప్పి, తలతిప్పు, విపరీతమైన చెమట, వాంతి వచ్చేలా ఉండటం హెచ్చరికలు. వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్ళు తడిపి విసరాలి. స్పృహ ఉంటే ఓఆర్ఎస్ నీరు కొద్దికొద్దిగా తాగించాలి. అది దొరకకుంటే లీటరు మంచినీటిలో ఆరు చెంచాల పంచదార, అరచెంచా ఉప్పు కలిపితే చాలును. అన్నీ టీ చెంచాతో, తలకొట్టి కొలవాలి. మాట తడబడినా, మనిషి తికమకపడినా, ఫిట్సు వచ్చినా, ఒళ్ళు నిప్పులా కాలుతున్నా అది వడదెబ్బ. 108కి ఫోను చేయండి. వాహనం వచ్చేలోగా చల్లబరచటం ఆపకండి. మెడ, చంకలు, గజ్జల వద్ద మంచుగడ్డలు గుడ్డలో చుట్టి పెట్టండి. స్పృహ లేనివారి నోట నీళ్ళు పోయకండి. జ్వరం మాత్ర ఇక్కడ పనిచేయదు.

మేపుల్ ఆ జూన్ దాటలేదు. రెండేళ్ళ తరువాత, 2021 జూన్ 28న పోర్ట్‌లండ్‌లో ఉష్ణోగ్రత 46 డిగ్రీలు దాటింది. తన పెరట్లోని మేపుల్ ఆకులు ఒక్క రోజులో మాడిపోయాయని మా అబ్బాయి ఫోనులో చెప్పాడు. ఆ కొద్ది రోజుల ఎండకు ఆ నగరమున్న కౌంటీలో అరవై మందికి పైగా మరణించారు. వారిలో ఎక్కువమంది ఏసీ లేని ఇళ్ళలో ఒంటరిగా ఉంటున్న వృద్ధులు. ఆ వార్త విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేనూ ఒంటరిగా ఉంటున్న వృద్ధుణ్ణే. నాకు ఆ మధ్యాహ్నం అంట్లు తోమటానికి ఒక మనిషి వచ్చింది. వారికి ఎవరూ రాలేదు.

అందుకని మిమ్మల్ని కోరేది ఒక్కటే. మీ వీధిలో ఒంటరిగా ఉన్న పెద్దలెవరైనా ఉంటే వేసవి మధ్యాహ్నాలలో ఒక్కసారి తలుపు తట్టండి. పెద్దలారా, మీరు తోటపని మానవద్దు, అది మంచి వ్యాయామం. తెల్లవారిన తరువాత రెండు గంటలలో ముగించుకోండి, లేదా పొద్దు వాలాక చేసుకోండి. దాహం కోసం చూడకుండా వేళ ప్రకారం నీరు తాగండి. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు ఎంత తాగాలో వైద్యుణ్ణి అడిగి తెలుసుకోండి.

మేపుల్ ఉన్న తూర్పు వైపున ఇప్పుడు నాటు బాదం చెట్టు ఉన్నది. దానికి నేను ఎన్నడూ పట్టా కట్టలేదు. చలి తగ్గే రోజులలో రాలే ముందు దాని ఆకులు ఎర్రబడతాయి. ఒక్కొక్కటి విస్తరాకంత వెడల్పు, పసిబిడ్డ అరచేయి పోలిక ఏమాత్రం లేదు. మా శ్రీమతి చూస్తే ఒప్పుకునేదో లేదో చెప్పలేను. మొన్న ఉదయం ఏడు గంటలకు, తలకు తువ్వాలు చుట్టుకొని, రాలినవి ఊడ్చి ఒక ఆకు ఆమె పటం ముందు పెట్టాను.