యాగంటి దారిలో వదినతో నడక

బనగానపల్లె అనగానే మీకు మామిడిపండే గుర్తొస్తుంది కదూ! 2017లో భౌగోళిక గుర్తింపు కూడా తెచ్చుకున్న పండాయె, గుర్తు రాకేం చేస్తుంది? కానీ నేను చెప్పబోయేది పండు సంగతి కాదు. సంక్రాంతి వెళ్లిన తర్వాత వారం, చెట్లన్నీ పూత మీదున్న రోజుల్లో, మా వీధి ఆడవాళ్లం పదకొండు మందిమి ఊళ్లో నుంచి యాగంటి దాకా నడిచి వెళ్లాం. దూరం పది పన్నెండు కిలోమీటర్లే. ఆ మాత్రానికి ఇంత రాయాలా అంటారేమో. మాలో ఒకరికి అది చాలా పెద్ద దూరం మరి.

ఆవిడ మా ఎదురింటావిడ. ఇరవై ఏళ్లుగా నాకు వదిన. పేరు రాయొద్దంది, కాబట్టి ఇక్కడా వదినే. రెండేళ్ల కిందట రొమ్ములో చిన్న గడ్డ చేతికి తగిలితే నాలుగు నెలలు ఎవరికీ చెప్పలేదు. "నొప్పి లేకపాయె, అదే కరిగిపోతాదిలే అనుకున్యా" అంది తర్వాత. చూశారా, మనమందరం చేసే పొరపాటే ఇది. ఆ గడ్డలు మొదట్లో చాలామందికి నొప్పి పెట్టవట. నొప్పి లేదని ఊరుకోవద్దని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. ఆపరేషన్లో ఒక రొమ్మూ, చంకలో ఉన్న గ్రంథులూ తీసేశారు. ఆ తర్వాత కీమో. జుట్టంతా ఊడిపోయింది.

ఇంటికొచ్చాక అసలు కష్టం మొదలైంది. చూడ్డానికొచ్చిన వాళ్లంతా "అయ్యో, నీకా ఇట్లయింది" అని ఏడ్చేవాళ్లు. వదినే వాళ్లను ఓదార్చి కాఫీ ఇప్పించి పంపాల్సి వచ్చేది. చివరికి తలుపు వేసుకోవడం మొదలుపెట్టింది. కుడిచెయ్యి భుజం దాటి పైకి లేచేది కాదు. జడ వేసుకోవడం సంగతి దేవుడెరుగు, పై అరలో ఉన్న ఉప్పు డబ్బా అందుకోలేకపోయేది.

ఫిజియోథెరపీ చెప్పిన అమ్మాయి ఒక పని నేర్పింది. గోడకు ఎదురుగా నిలబడి వేళ్లను చీమ నడిచినట్టు పైపైకి నడిపించాలి. నేను రోజూ మధ్యాహ్నం వెళ్లి, వేళ్లు ఎక్కడిదాకా పోతే అక్కడ వంటింటి గోడ మీద సుద్దముక్కతో గీత గీసేదాన్ని. పిల్లల ఎత్తు కొలిచినట్టే అనుకోండి. కొన్ని వారాలు గీత మీద గీతే పడింది, ఇంచు కూడా పెరగలేదు. అప్పుడు ఇద్దరం మాట్లాడుకోకుండా టీ తాగేవాళ్లం. ఆ చేత్తో బరువు ఎత్తొద్దన్నారు, బిగుతు గాజులు వేసుకోవద్దన్నారు. వాపు వస్తే తగ్గడం కష్టమట. బిందె, రుబ్బురోలు పనులన్నీ వాళ్లాయన, అంటే నాకు అన్న వరస, చేతిలోకి తీసుకున్నాడు. పిండి కలపడం కూడా నేర్చుకున్నాడండోయ్!

ఒకరోజు టీవీలో హైదరాబాదు కేబీఆర్ పార్కు దగ్గర జరిగే పింక్ రిబ్బన్ నడక చూపించారు. రొమ్ము క్యాన్సర్ మీద జనానికి తెలియజెప్పడానికి 2007లో డాక్టర్ పి. రఘురామ్ గారు తమ తల్లి పేరు మీద ఉషాలక్ష్మి బ్రెస్ట్ క్యాన్సర్ ఫౌండేషన్ పెట్టారు. వాళ్లే ఆ నడక జరుపుతారు, అక్టోబరు నెలలో. గులాబీ రంగు బట్టల్లో, ఆ జబ్బు నుంచి బయటపడిన ఆడవాళ్లు నవ్వుకుంటూ నడుస్తున్నారు. వదిన కళ్లార్పకుండా చూసింది. "హైదరాబాదు మనకెందుకులే వదినా. మన యాగంటికి నడుద్దాం" అంది.

సరే, డాక్టరమ్మను అడిగాం. కీమో తర్వాత వచ్చే నీరసానికి నడక మంచిదే, కానీ మెల్లమెల్లగా పెంచమంది. మొదట వీధి చివరి దాకా, తర్వాత బస్టాండు దాకా. నాలుగు నెలలకు ఐదు కిలోమీటర్లు వచ్చింది. నడిచే ప్రతివాళ్లూ కిలోమీటరుకు పది రూపాయల లెక్కన డబ్బాలో వెయ్యాలని వదినే పెట్టింది రూలు. కర్నూలులో కీమోకు తిరుగుతున్న ఒకామెకు ఇద్దామని. ఆపరేషన్ ఖర్చు ప్రభుత్వ కార్డు మీద పోయినా, తోడొచ్చిన వాళ్ల తిండికీ, ఆటోలకూ, పోయిన కూలికీ ఎవరిస్తారు చెప్పండి?

తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరాం. చలికి శాలువాలు కప్పుకున్నాం. మీరెప్పుడైనా వస్తే ఈ దారిని బస్సు కిటికీలోంచి చూసి సరిపెట్టుకోకండి. ఈ పక్కనే రవ్వలకొండ. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి గరిమిరెడ్డి అచ్చమ్మగారి ఆవులు కాస్తూ అక్కడి గుహలో కాలజ్ఞానం రాశారంటారు. ఈ చుట్టుపక్కల ఒకప్పుడు వజ్రాలు తవ్వేవారు. యాగంటి రోడ్డులోనే నవాబుల బంగళా ఉంది. 1948 దాకా బనగానపల్లె ఒక సంస్థానం. ఇప్పుడు ఆ బంగళాను నవాబుగారి పేరుతో ఎవరూ పిలవరు. 2009లో వచ్చిన సినిమా పుణ్యమా అని అది 'అరుంధతి కోట' అయిపోయింది!

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. వదినకు చెప్పకుండా మా వీధి ఆటో అబ్బాయిని వెనకాలే మెల్లగా రమ్మన్నాను. మూడో కిలోమీటరు దగ్గర వదిన వెనక్కి తిరిగి చూసింది. "ఆ ఆటో ఎవరికి వదినా?" అంది. నేను నీళ్లు నమిలాను. "నేను పడిపోతానని ముందే రాసిపెట్టుకున్యావా?" అని గబగబా ముందుకు పోయింది. కోపంతో నడిచింది చూడండి, మేమెవ్వరం అందుకోలేకపోయాం. ఆటోను ముందే యాగంటికి పొమ్మని ఫోన్ చేశాను.

సగం దారి దాటాక ఎండ ఎక్కింది. ఒక వేపచెట్టు కింద అందరం ఆగి ఉగ్గాని తిన్నాం. బొరుగులు నానబెట్టి పిండి, ఉల్లిపాయ, పచ్చిమిరప పోపులో వేసి, పైన పుట్నాలపొడి చల్లుకుని తెచ్చాం. దారి ప్రయాణానికి ఇంత మంచిది ఇంకోటి లేదు, చల్లారినా రుచి పోదు. తిని లేవబోతే వదిన లేవలేదు. మొహం పాలిపోయింది. నాకు గుండె ఆగినంత పనైంది. కానీ ఆటో గురించి నేనెట్లా ఎత్తను? నోరు మూసుకుని పక్కన కూర్చున్నాను. పది నిమిషాలయ్యాక తనే అంది, "పిలువు వదినా ఆ పిల్లోణ్ణి. రెండు కిలోమీటర్లు ఎక్కుతా. ఆడ దిగి మళ్లీ నడుచ్చా."

నాకే చిన్నబోయినట్టుంది, ఆవిడకేం లేదు. ఆటోలో కూర్చుని కెనడా అబ్బాయి కథ చెప్పింది, మా అబ్బాయి దగ్గర విన్నదట. టెర్రీ ఫాక్స్ అని, క్యాన్సర్‌తో ఒక కాలు పోతే 1980లో కృత్రిమ కాలుతో దేశం ఈ చివర నుంచి ఆ చివరకు పరుగు పెట్టాడు, క్యాన్సర్ పరిశోధనకు డబ్బు కోసం. 143 రోజులు, 5,373 కిలోమీటర్లు పోయాక జబ్బు ఊపిరితిత్తులకు పాకి ఆగిపోయాడు. మరుసటేడు చనిపోయాడు. ఆయన పేరు మీద ఇప్పటికీ ఎన్నో దేశాల్లో పరుగులు పెడుతున్నారు. "ఆయప్పే మద్దెలో ఆగినాడు. నాకేం పోయింది?" అంది వదిన.

అన్నట్టే దిగి నడిచింది. ఎర్రమల కొండల మధ్య గుడి గోపురం కనబడగానే అందరికీ కాళ్లు నొప్పులు పోయాయి. కొండలోంచి వచ్చే నీళ్లు నిండిన పుష్కరిణిలో కాళ్లు కడుక్కున్నాం. యాగంటిలో కాకి కనబడదు, అగస్త్యుడి శాపమంటారు. అక్కడి బసవన్న పెరుగుతూ ఉంటాడనీ, ఒకప్పుడు చుట్టూ ప్రదక్షిణ చెయ్యడానికి చోటుండేదనీ పెద్దవాళ్లు చెబుతారు. ఉమామహేశ్వరుల ఎదుట వదిన రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. రెండూ తలపైకి. కుడిచెయ్యి కొంచెం వంకరగా, వణుకుతూ. నేను దేవుణ్ణి చూడ్డం మరిచిపోయి ఆ చెయ్యే చూస్తూ నిలబడ్డాను.

డబ్బాలో చిల్లరతో సహా మూడువేల చిల్లర తేలింది. బస్సు కోసం చూస్తున్న ఇద్దరు ముసలమ్మలు సంగతి విని చెరో ఇరవై వేశారు.

మీరు రావాలనుకుంటే నంద్యాల నుంచి బనగానపల్లెకు బస్సులున్నాయి. నంద్యాల–ఎర్రగుంట్ల లైన్లో రైలు స్టేషనూ ఉంది. చలికాలంలో రండి, ఈ ఎండలు మీరు తట్టుకోలేరు. వదిన మాత్రం మామిడిపండ్ల కాలంలో ఇంకోసారి నడుద్దామంటోంది, ఈసారి ఆటో లేకుండా. మే నెలలో వద్దు మొర్రో అంటున్నాను. నిన్న మధ్యాహ్నం కూడా ఆ వాదనే జరిగింది, వంటింటి గోడ దగ్గర సుద్దముక్క పట్టుకుని.