చప్పుడు ఆచూకీ ఆటోనగర్‌లో దొరికింది!

బందరు నుంచి బెజవాడకి దాదాపు 70 కిలోమీటర్లు. పామర్రు, ఉయ్యూరు, కంకిపాడు, పెనమలూరు, కానూరు... ఈ పేర్లు వరస తప్పకుండా చెప్పేస్తే మీరూ మా కృష్ణా జిల్లా వాళ్ళే అన్నమాట! బస్సెక్కితే కిటికీలోంచి చూడ్డానికి బోలెడుంటుంది. ఒక పక్క వరి చేలు, ఇంకో పక్క చెరకు, మధ్యమధ్య అరటి తోటలు. మా నాన్న కారులో వెళ్తే మాత్రం నాలుగు నెలలుగా బయటికి చూసిందే లేదు. అందరి చెవులూ కింద నుంచి వచ్చే 'బుర్ర్‌ర్' మీదే.

కారు 2007 మోడల్. మూడు సిలిండర్లు, నాలుగు గేర్లు. ఒకప్పుడు వీధికొకటి కనిపించిన చిన్న కారు. పదిహేనేళ్ళ రిజిస్ట్రేషన్ అయిపోతే ఇంకో అయిదేళ్ళకి రెన్యువల్ చేయించాం. అదీ 2027తో సరి. "ఇంకెందుకు, ఇచ్చేద్దాం" అని అన్నయ్య పోరు. పాత బండ్లు కొనే ఆయన 30 వేలు ఇస్తానని ఇప్పటికి రెండుసార్లు ఫోన్ చేశాడు.

అసలు గొడవ డబ్బుది కాదు. నాన్నకి 71 ఏళ్ళు. చెవులు బాగా మందగించాయి. ఒకప్పుడు వీధి మలుపులో హారన్ వింటేనే ఎవరి బండో చెప్పేసేవారు. ఇప్పుడు పక్క సీట్లో కూర్చుని కూడా "ఏ చప్పుడమ్మా? నాకేం వినపడట్లేదే" అంటారు. "అదేంటో తేలేదాకా మీరు నడపొద్దు" అని అమ్మ తాళాలు తీసి బీరువాలో పెట్టేసింది. నాన్న ఏమీ అనలేదు. రోజూ సాయంత్రం బండి తుడవడం మాత్రం మానలేదు.

అందుకే ఓ శనివారం పొద్దున్నే నేను స్టీరింగ్ పట్టుకుని, ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరా. ఎక్కడికని అడక్కండి. మా వైపు బండికి జబ్బు చేస్తే వెళ్ళే ఊరు ఒక్కటే... బెజవాడ ఆటోనగర్.

రోడ్డే మా ల్యాబ్

చప్పుడు వెతకడంలో మొదటి సూత్రం చాలా సింపుల్. 'ఎక్కడ' అని కాదు, 'ఎప్పుడు' అని అడగాలి.

బ్రేకు తొక్కినప్పుడే స్టీరింగ్ వణికితే డిస్కుల మీద అనుమానం. ఫుల్‌గా మలుపు తిప్పినప్పుడు 'టక్ టక్' మంటే యాక్సిల్ జాయింట్. వేగంతో పాటు పెరిగే 'హూమ్‌మ్' అయితే వీల్ బేరింగ్. 80 దగ్గర స్టీరింగ్ ఊగి, ఆ తర్వాత సర్దుకుంటే ఎక్కువసార్లు వీల్ బ్యాలెన్సింగ్ తప్పినట్టు.

మా 'బుర్ర్' ఇందులో దేనికీ లొంగలేదు. పామర్రు దాటాక రోడ్డు ఖాళీగా దొరికింది. మూడో గేరులో సరిగ్గా 45 దగ్గర మొదలైంది. 50 దాటగానే మాయం! నాలుగో గేరు వేశా. అదే 45 దగ్గర ఏమీ లేదు. 65 దాటాక మళ్ళీ వచ్చింది. చక్రాల తప్పయితే ఏ గేరులో ఉన్నా ఒకే వేగం దగ్గర రావాలి కదా? ఇది గేరును బట్టి మారుతోందంటే, దాని లెక్క ఇంజన్ తిరిగే వేగంతో అన్నమాట.

ఇంకో పరీక్ష చేశాం. వెనక బండ్లేవీ లేకుండా చూసుకుని, 70 దగ్గర క్లచ్ తొక్కి వదిలేశా. బండి దానంతటదే దొర్లుతూ 65, 60, 50... నిశ్శబ్దం. చక్రాలకి క్లీన్ చిట్!

మా కారులో ఆర్పీఎం మీటర్ లేదు. ఫోన్ ఉందిగా! కదలికలు కొలిచే సెన్సర్ అందులోనే ఉంటుంది. వణుకు సెకనుకు ఎన్నిసార్లో చూపించే ఉచిత యాప్ ఒకటి వేసి, డ్యాష్‌బోర్డు మీద కదలకుండా పెట్టాం. మా 12 అంగుళాల చక్రం 45 వేగంలో సెకనుకు సుమారు 8 సార్లు తిరుగుతుంది. గ్రాఫులో మాత్రం పెద్ద గీత 45 దగ్గర లేచింది. అంటే నిమిషానికి 2,700 తిప్పుళ్ళు. మూడో గేరులో ఆ వేగానికి ఇంజన్ తిరిగే లెక్క సరిగ్గా అదే.

ఉయ్యూరులో టీకి ఆగాం. ఏసీ ఆన్‌లో పెట్టి, ఇంజన్ ఆపకుండా నేను దిగబోతుంటే నాన్న అన్నారు: "ఇదిగో, ఇప్పుడు కూడా ఉంది."

"నాకేం వినపడట్లేదు నాన్నా."

"వినపడ్డం కాదమ్మాయ్. కాళ్ళకి తెలుస్తోంది."

చెప్పు విప్పి అరికాలు ఫ్లోర్ మీద పెట్టి చూశా. నిజమే! సన్నగా, చీమలు పాకినట్టు. ఏసీ ఆపితే తగ్గింది. వేస్తే పెరిగింది. నాలుగు నెలల్లో ఎవరం పట్టుకోలేని క్లూ అది.

వీధికో స్పెషలిస్టు

కానూరు దాటి బెజవాడలోకి అడుగుపెడుతుంటేనే ఆటోనగర్. ఇంకాస్త ముందుకెళ్తే వచ్చే పెద్ద కూడలి పేరు బెంజి సర్కిల్. ఊరి నడిబొడ్డున జంక్షన్‌కే బండి పేరు! హైదరాబాద్‌లో, గాజువాకలో, గుంటూరులో కూడా ఆటోనగర్‌లున్నాయి. ఇదైతే ఆసియాలోనే పెద్దదని బెజవాడ వాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. 2014లో నాగచైతన్యతో దేవా కట్టా తీసిన 'ఆటోనగర్ సూర్య' చూసిన వాళ్ళకి ఇక్కడంతా కత్తులూ సుమోలే గుర్తొస్తాయేమో! అసలు ఆటోనగర్‌లో వినపడేది సుత్తి దెబ్బలు, గ్రైండర్ రొద, వాటి మధ్య ఎఫ్‌ఎం పాటలు.

లోపలికి వెళ్తే సగం కట్టిన లారీలు అస్థిపంజరాల్లా నిలబడి ఉంటాయి. చాసిస్ మీద చెక్కా ఇనుమూ కలిపి బాడీ కట్టేది ఒకరు, రంగులేసేది ఇంకొకరు, వెనక 'హారన్ ప్లీజ్' రాసేది మరొకరు. కమాను కట్టల వాళ్ళది ఒక చోటు, రేడియేటర్ల వాళ్ళది ఇంకో చోటు. లేత్ మిషన్లు, సీటు కవర్లు, పాత స్పేర్ పార్టులు... దేనికదే. ఒక్కో షట్టర్ వెనక బండిలో ఒక్కో భాగం గురించి మాత్రమే తెలిసిన మనిషి ఉంటాడు. ఆ ఒక్కటీ మాత్రం క్షుణ్ణంగా తెలుసు.

మొదట ఆగిన షాపులో కుర్రాడు నా వయసువాడే. ట్యాబ్‌కి స్కానర్ తగిలించి చూసి, "ఎర్రర్ కోడ్స్ ఏం లేవు మేడమ్, బండి పర్ఫెక్ట్" అన్నాడు. సెన్సర్ ఉన్న చోట తేడా వస్తే స్కానర్ చెబుతుంది. సెన్సర్ లేని చోట అదేం చేస్తుంది, పాపం!

రెండోది సైలెన్సర్ల షాపు. ఆయన కిందికి దూరి రబ్బరు సుత్తితో పైపు పొడుగునా తట్టుకుంటూ వెళ్ళాడు. ఒకచోట 'ఝణ్' మంది. వేడి తగలకుండా పెట్టే రేకు వదులైంది. క్లిప్పు బిగించి, పైపుని వేలాడదీసే రబ్బరు రింగులు రెండు మార్చాడు. అరవై రూపాయలు. రోడ్డెక్కి చూస్తే చప్పుడు సగం తగ్గింది. సగమే! వెనక్కి వస్తే ఆయనే అన్నాడు: "రేకు ఊరికే వాగుతోందమ్మా, వాగిస్తున్నది ఇంజన్. ఇక నా పని కాదు. ఆ చివరి సందులో పెద్ద మేస్త్రీ ఉంటారు, చూపించండి."

చెవి కాదు, చెయ్యి

పెద్ద మేస్త్రీ బానెట్ తెరవలేదు. ముందు అడిగారు. "ఏ గేరులో? ఎంతలో? ఏసీ వేస్తే పెరుగుతోందా?" అన్నీ సిద్ధంగా ఉన్నాయి కాబట్టి గబగబా చెప్పేశా. ఆయన నవ్వి, "ఇన్ని చెబితే సగం పని అయిపోయినట్టే" అన్నారు.

హ్యాండ్‌బ్రేక్ లాగించి, కాలు బ్రేకు మీద ఉంచి, ఫస్ట్ గేరులో క్లచ్ కొంచెం కొంచెం వదలమన్నారు. ఇంజన్ ఒక్కసారిగా పైకి లేచి పడుకుంది. "చూశారా, ఎంత ఊగుతోందో!" తర్వాత ఇంజన్ కింద చెక్కముక్క పెట్టి, జాకీతో ఓ వేలెడు కూడా కాదు, కాస్తంత లేపారు. ఏసీ వేసి యాక్సిలరేటర్ తొక్కమన్నారు. 'బుర్ర్' లేదు. జాకీ దించారు. వచ్చింది. మళ్ళీ లేపారు. పోయింది.

దొంగ దొరికాడు: ఇంజన్ మౌంట్. ఇంజన్‌కీ బాడీకీ మధ్య ఉండే రబ్బరు దిమ్మ.

ఆయన చెప్పింది ఇదీ. మూడు సిలిండర్ల ఇంజన్‌కి పుట్టుకతోనే అటూ ఇటూ ఊగే గుణం ఉంటుంది. నిమిషానికి 800 తిప్పుళ్ళతో ఊరికే నిలబడి ఉన్నా లోపల సెకనుకు 20 సార్లు మంట రాజుకుంటుంది. ఆ కుదుపంతా మన సీటు దాకా రాకుండా మింగేసేది ఈ రబ్బరే. ఎండకీ నూనెకీ ఏళ్ళ తరబడి అది గట్టిపడుతుంది, పగుళ్ళు తీస్తుంది, కుంగుతుంది. అప్పుడు ఇంజన్ కాస్త కిందికి దిగి, దాంతో పాటు సైలెన్సర్ పైపూ దిగి... అదుర్లన్నీ బాడీకి ఎక్కుతాయి. ఫలానా వేగం దగ్గరే గట్టిగా రావడానికి కారణం ఉయ్యాల లాంటిదే. సరైన సమయానికి తోస్తేనే కదా అది ఎత్తుకి లేచేది!

జాకీ దించి ఉన్నప్పుడు మేస్త్రీ పొడవాటి స్క్రూడ్రైవర్ కొనని మౌంట్ పక్కన ఆనించి, పిడిని తన చెవికి పెట్టుకుని విన్నారు. నాన్న పక్కనే నిలబడి చూస్తున్నారు. మేస్త్రీ ఆ పిడి ఆయన చేతికిచ్చి, "అరచెయ్యి పెట్టండి సార్, చెవి అక్కర్లేదు" అన్నారు. నాన్న కళ్ళు మూసుకున్నారు. రెండు సెకన్లు. "ఇదే. కాళ్ళకి తెలిసింది ఇదే" అన్నారు. ఈ మధ్య కాలంలో ఆయన గొంతు అంత గట్టిగా వినలేదు నేను.

కొత్త మౌంట్ 700, కూలి 400. మూడూ మార్చేయండి అంటే మేస్త్రీ ఒప్పుకోలేదు. "మిగతా రెండూ బాగున్నాయమ్మా, డబ్బెందుకు తగలేస్తారు?" అన్నారు. మొత్తం ఖర్చు పన్నెండొందల లోపే.

మరి రేపు?

అన్నీ ఎలక్ట్రిక్ కార్లయిపోతే ఈ సందులకి పనుంటుందా అని అడిగా. మేస్త్రీ తేలిగ్గా తీసిపారేశారు. ఇంజన్ రొద లేని బండిలో చిన్న కిర్రు కూడా పెద్దగా వినపడుతుందట. నిజమే కదా! బేరింగులు, బుష్‌లు, రబ్బర్లు వాటికీ ఉంటాయి, వాటికీ వయసొస్తుంది. దేన్ని అనుమానించాలో, దేన్ని వదిలేయాలో తెలిసిన మనిషి అప్పుడూ కావాలి.

ప్రస్తుతానికి తాళాలు బీరువాలో లేవు, నాన్న చొక్కా జేబులో ఉన్నాయి. 30 వేల ఆయన మూడోసారి ఫోన్ చేస్తే నాన్నే తీసి, "ఇంకో రెండేళ్ళాగి చెయ్యండి" అని పెట్టేశారు.

మీ ఇంట్లోనూ ఇలాంటి పాత బండి ఏదో గొణుగుతుంటే, ఆటోనగర్‌కి బయల్దేరేముందు ఏ గేరులో, ఎంత వేగంలో, ఏసీ ఉంటేనా లేకపోతేనా అన్నది ఫోన్‌లో నోట్ చేసుకోండి. చప్పుడు వస్తున్నప్పుడు పక్కనున్న వాళ్ళతో రికార్డ్ చేయించండి. అన్నిటికన్నా ముఖ్యం, ఆ బండిని ఏళ్ళ తరబడి నడిపిన మనిషిని తప్పకుండా వెంట తీసుకెళ్ళండి.