ఎదురీదనక్కరలేని సముద్రం

దక్షిణ ఢిల్లీలోని వసంత్ కుంజ్‌కు సముద్రంతో సంబంధమేమిటని ఎవరైనా అడిగితే, సమాధానం కాలి కిందనే ఉన్నది. ఢిల్లీ అభివృద్ధి సంస్థ 1980ల నుంచి అక్కడ వరుసలు తీర్చి కట్టిన ఇళ్లను ఆనుకొని ఆరావళీ పర్వతశ్రేణి ఉత్తరపు కొస కనిపిస్తుంది. సర్కారు తుమ్మ పొదల నడుమ తలలెత్తిన ఆ క్వార్ట్‌జైట్ శిలలు వంద కోట్ల సంవత్సరాలకు పూర్వం, లోతులేని ఒక ప్రాచీన సముద్రపు అడుగున పేరుకొన్న ఇసుకయే. ఆ సముద్రం ఎన్నడో తొలగిపోయింది. నేడు అక్కడివారు కెరటం చూడాలంటే దాదాపు వేయి కిలోమీటర్లు ప్రయాణం చేయవలసి ఉంటుంది.

అయినను సముద్రగర్భాన్ని చూడాలన్న కోరిక ఈ మెరకసీమ వారికి తక్కువేమీ కాదు. ఢిల్లీ ఈతకొలనులలో స్కూబా విద్య తొలి పాఠాలు నేర్చుకొని, మిగిలిన శిక్షణను అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌లోనో, కర్ణాటక తీరాన నేత్రాణి వద్దనో ముగించుకొనేవారు ఉన్నారు. కొలను నీరు కదలదు. సముద్రపు నీరు కదలక మానదు. కొత్తగా నేర్చినవారిని అన్నిటికంటె భయపెట్టేది ఈ ప్రవాహమే. ఏటికి ఎదురీదడం ఎంత కష్టమో తెలుగువారికి చెప్పనక్కరలేదు. మన భాషలో అదొక సామెత వంటిది. కాని ఏటివాలున పోయే పడవకు ఆ కష్టం లేదు. ఈ చిన్న సత్యం మీద ఆధారపడినదే ‘డ్రిఫ్ట్ డైవింగ్’ అనే విద్య. దానికి పేరెన్నికగన్న చోటు కరిబియన్ సముద్రంలోని కొజుమెల్ ద్వీపం.

మెక్సికో దేశపు యుకటాన్ ద్వీపకల్పానికి తూర్పున, ప్లాయా దెల్ కార్మెన్ పట్టణం నుంచి పడవలో సుమారు ముప్పావు గంట దూరంలో ఈ ద్వీపం ఉన్నది. పొడవు దాదాపు 48 కిలోమీటర్లు. మన భువనేశ్వర్ ఏ అక్షాంశం మీద ఉన్నదో ఇంచుమించు అదే అక్షాంశం మీద ఇదీ ఉన్నది. ‘పిచ్చుకను పోలిన వానకోవెలల దీవి’ అన్న అర్థం గల మాయా పదం నుంచి దీనికి ఈ పేరు వచ్చిందంటారు. పూర్వం మాయా స్త్రీలు ఇష్‌చెల్ దేవతను దర్శించుకొనడానికి సముద్రం దాటి ఇక్కడికి యాత్రగా వచ్చేవారు. నేటి యాత్రికులలో అనేకులు గుడికి గాక, నీటి అడుగునకు పోతారు.

ద్వీపానికి, ప్రధాన భూభాగానికి మధ్యనున్న జలసంధిలో యుకటాన్ ప్రవాహం సాధారణంగా దక్షిణం నుంచి ఉత్తరానికి సాగుతుంది. పడమటి తీరం పొడుగునా పగడపు దిబ్బలు ఆ ప్రవాహానికి సమాంతరంగా పెరిగాయి. ఇదే కొజుమెల్ విశేషం. నీరు పోయే దారిలోనే చూడవలసినదంతా ఉన్నది. పెద్ద నదులు కలవనందున ఒండ్రు లేదు. తరచు ముప్పై మీటర్ల దూరం వరకు చూపు ఆనుతుంది. గోదావరీ కృష్ణలు తెచ్చే ఒండ్రుతో మసకబారే మన తీరజలాలను ఎరిగినవారికి ఈ స్వచ్ఛత అబ్బురంగా తోస్తుంది.

పద్ధతి సులువైనది. పడవ లంగరు వేయదు. మార్గదర్శితో కూడి అందరూ ఒక్కసారే నీటిలోకి దిగాలి. ఒకరు ఆలస్యం చేస్తే ప్రవాహం వారిని వేరొక చోటికి చేరుస్తుంది. పది పదిహేను మీటర్ల లోతుకు చేరి, శరీరాన్ని అడ్డంగా ఉంచి, మునగక తేలక నిలిచే స్థితిని సాధిస్తే తక్కిన పని నీరే చేస్తుంది. అక్కడ ప్రవాహం తరచు మనిషి నడక వేగాన్ని మించదు. విచిత్రమేమంటే, ప్రవాహంలో ఉన్నవానికి ప్రవాహం తెలియదు. రైలు కిటికీలోంచి చూస్తున్నట్లు పగడపు దిబ్బలే వెనుకకు జరిగిపోతున్నట్లుంటుంది. కాళ్లాడించే శ్రమ లేనందున ఊపిరి నెమ్మదిస్తుంది; సిలిండరులోని గాలి ఎక్కువసేపు వస్తుంది. పైన పడవ నడిపేవాడు నీటి మీదికి వచ్చే బుడగలను కనిపెట్టుకొని వెంట వస్తుంటాడు.

తొలిసారి వచ్చినవారిని మార్గదర్శులు యుకాబ్, పాసో దెల్ సెద్రాల్ వంటి తక్కువ లోతు దిబ్బలకు, లేదా ప్రవాహం నెమ్మదిగా ఉన్న రోజున పలాంకార్ ఉద్యానాలకు తీసుకొనిపోవడం పరిపాటి. ప్రాథమిక శిక్షణ పొందినవారు 18 మీటర్లకు మించి దిగరాదన్నది నియమం. నిలువు గోడల వంటి దిబ్బల వద్ద నీరు ఒక్కొక్కప్పుడు అడుగునకు లాగుతుంది గనుక, అవి అనుభవజ్ఞులకే తగినవి. ఎక్కడైనా ఆగి చూడాలనిపిస్తే ఎదురీదరాదు. పెద్ద దిబ్బ చాటుకు చేరితే చాలు, అక్కడ నీటి వడి తగ్గుతుంది. జట్టు నుంచి తప్పిపోతే ఒక్క నిమిషం వెదకి, మెల్లగా పైకి రావాలి. అయిదు మీటర్ల లోతున మూడు నిమిషాలు ఆగి, రంగు గొట్టం వంటి గాలిబుడ్డను పైకి వదిలితే పడవవాడు గుర్తు పడతాడు.

ఇంత సుఖమైన ప్రయాణంలో ఒక ప్రమాదం దాగి ఉన్నది. అది మనిషికి కాదు, పగడానికి. బండల వలె కనిపించే పగడాలు ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు మాత్రమే పెరుగుతాయి. నిలకడ కుదరని ఒక కొత్తవాని కాలి తాకిడితో విరిగిన కొమ్మ మళ్లీ పెరగడానికి ఏళ్లు పడుతుంది. 1996లో మెక్సికో ప్రభుత్వం ఈ దిబ్బలను జాతీయ ఉద్యానంగా ప్రకటించింది. చేతి తొడుగులు, కత్తులు లోపలికి నిషేధం. తొడుగు లేని చేయి దేనినీ పట్టుకొన సాహసించదన్నదే ఇందలి యుక్తి.

1988 నాటి గిల్బర్ట్, 2005 నాటి విల్మా తుపానులకు దెబ్బతిని కూడ ఈ దిబ్బలు నిలిచాయి. కాని 2014లో ఫ్లోరిడాలో తలెత్తిన ఒక పగడపు తెగులు 2018లో ఇక్కడికి పాకింది. ఇరవైకి పైగా జాతులకు సోకే ఈ వ్యాధి, శతాబ్దాలు పెరిగిన పగడాన్ని కొన్ని వారాలలో తెల్లని ఎముకగా మిగల్చగలదు. 2019 అక్టోబరులో అధికారులు పలాంకార్‌తో సహా దక్షిణపు దిబ్బలను సందర్శకులకు కొంతకాలం మూసివేశారు. ఆ సందర్శకులనే నమ్ముకొని బ్రతికే ద్వీపానికి అది చిన్న నిర్ణయం కాదు. ఏ ప్రవాహం యాత్రికుని మోసుకుపోతున్నదో, ఆ ప్రవాహమే తెగులునూ మోసుకుపోగలదు. దానిని ఆపడం ఒక్క మనిషి చేతిలో లేదు. తాకకుండా దాటిపోవడం మాత్రం ప్రతివాని చేతిలోనూ ఉన్నది.

కనుక ఢిల్లీ కొలనులో నేర్చే పాఠాలలో అన్నిటికంటె ముఖ్యమైనది ఈత కాదు, నిలకడ. ఊపిరి తీస్తే కొద్దిగా లేచి, విడిస్తే కొద్దిగా దిగే ఆ సూక్ష్మాన్ని పలకల నేల మీద సాధించినవారికే పగడాల మీదుగా పోయే అర్హత కలుగుతుంది.

తిరుగు ప్రయాణానికి తొందరపడరాదు. వరుసగా కొన్ని రోజులు నీటి అడుగున గడిపినవారు విమానం ఎక్కే ముందు కనీసం 18 గంటలు ఆగాలి. రక్తంలో కరిగిన నత్రజని మెల్లగా వెలికి పోవాలి. ఆ పిమ్మట, వసంత్ కుంజ్ మిద్దెల మీదుగా దిగే విమానం నుంచి ఆరావళీ శిలలు కనిపిస్తాయి. అవీ ఒకప్పటి సముద్రపు అడుగే. అక్కడి సముద్రం వెడలిపోవడానికి మనుష్యులు కారణం కారు. కొజుమెల్ దిబ్బలు మిగలడానికో, మిగలకపోవడానికో మాత్రం వారు కొంతైనా కారణమవుతారు.