ఇద్దరు హీరోల సీమలో...

గుడివాడలో బస్సు దిగానో లేదో, "రామారావుగారిది నిమ్మకూరు, నాగేశ్వర్రావుగారిది రామాపురం. రెండూ దగ్గరేనండీ!" అన్నాడు టీకొట్టాయన గర్వంగా.

కాలవగట్లు, వరిచేలు చూస్తూ బందరు చేరాను. లడ్డూ తిని డచ్చివారి సమాధులు చూశాను. 1864 ఉప్పెన సుమారు 30 వేలమందిని మింగిన ఊరిది!

అక్కణ్ణించి పులిగడ్డ మీదుగా దివిసీమ. నాగాయలంక రేవులో ఓ పెద్దాయన్ని, "మీ హీరో ఎవరండీ?" అనడిగాను.

"1977 నవంబరు 19 దాకా నాగేశ్వర్రావే బాబూ! ఆ రోజు ఉప్పెనలో మావాళ్ళు పోయారు. అప్పుడు ఇద్దరు హీరోలూ మాకోసం ఊరూరా తిరిగి జోలె పట్టారు. అప్పట్నించీ ఇద్దరూ మావాళ్ళే" అన్నాడు.

హీరోల కోసం తగువులాడే తమ్ముళ్ళూ, ఒక్కసారి దివిసీమ వెళ్ళి రండి!