కోబాల్ట్ ఊళ్ళో ఒక పూట

కిందటి వేసవిలో టొరంటోలోని మా అమ్మాయి ఇంటికి వెళ్ళాం. "మామయ్యగారూ, నయాగరా అందరూ చూసేదే. మీరు కోలారు గనుల దగ్గర పనిచేశారు కదా, ఇక్కడి గనుల ఊరు చూద్దురుగాని" అంటూ అల్లుడు ఉత్తరంగా దాదాపు 500 కిలోమీటర్లు కారులో తీసుకెళ్ళాడు. ఆ ఊరి పేరు కోబాల్ట్.

1903లో రైలుదారి వేస్తుండగా అక్కడ వెండి బయటపడింది. మొత్తం మీద 40 కోట్ల ఔన్సులకు పైగా తీశారట. నేను బి.కాం. వాణ్ణి, రాళ్ళ సంగతి తెలియదు. పాత సొరంగం చూపించినాయన ఓపికగా విడమరచి చెప్పాడు.

అడుగున సుమారు 270 కోట్ల ఏళ్ళనాటి అగ్నిపర్వత శిలలు. వాటిపైన గులకరాళ్ళు, ఇసుక, బురద పేరుకుని గట్టిపడిన పొరలు. సుమారు 220 కోట్ల ఏళ్ళ క్రితం కరిగిన రాయి వీటి మధ్య చొరబడి, దాదాపు 300 మీటర్ల మందాన పలకలా గడ్డకట్టింది. దాని పేరు డయాబేస్. తర్వాత నిట్టనిలువు పగుళ్ళలో వేడినీళ్ళు పారి వెండిని, కోబాల్టును వదిలిపోయాయి. చారలు చాలావరకు కొద్ది అంగుళాల వెడల్పే. వెండి ఎక్కువగా ఆ పలక అంచుకు 200 మీటర్లలోపే ఉంది. అది దాటితే చార సాగినా వెండి సాగదు.

కోలారులో 3 కిలోమీటర్లకు పైగా లోతుకు దిగారు. 2001లో ఆ గనులు మూసినప్పుడు నేను అక్కడి బ్రాంచిలోనే ఉన్నాను. "సార్, కింద ఇంకా బంగారం ఉంది కదా, ఎందుకు మూస్తున్నారు?" అని మన తెలుగు కార్మికుడొకాయన అడిగాడు. వచ్చేదానికన్నా తవ్వే ఖర్చు ఎక్కువన్నాను. ఆయన మారు మాట్లాడలేదు.

సొరంగం గోడల మీద గులాబిరంగు పూత కనిపించింది. కోబాల్టు పువ్వంటారట. అందంగా ఉందన్నాను. "అందులో ఆర్సెనిక్ ఉంటుందండీ" అన్నాడాయన. కోబాల్టు అక్కడి రాతిలో ఆర్సెనిక్‌తో కలిసే ఉంటుంది. వెండి తీసుకుని పారేసిన పిప్పిలోంచి ఆ విషం చుట్టుపక్కల చెరువుల్లోకి దిగింది. ఒకప్పుడు వెండి ముందు లెక్కలోకి రాని కోబాల్టును ఇప్పుడు బ్యాటరీల కోసం ప్రపంచమంతా వెతుకుతోంది.

తిరుగుదారిలో కోలారు సైనైడు దిబ్బలు గుర్తొచ్చాయి. గాలి వీస్తే ఆ దుమ్ము ఇళ్ళలోకి వచ్చేది. ఆనాడు ఆ కార్మికుడికి నేను చెప్పిన లెక్కలో తవ్వే ఖర్చుంది, జీతాలున్నాయి. ఆ దుమ్ము మాత్రం లేదు.